అప్పుగా ఇవ్వాలా, ఊరికే ఇవ్వాలా?

బ్రిటన్‌లో 2013 ఏప్రిల్ దాకా, చేతిలో చిల్లిగవ్వ లేని పేదలకు ప్రభుత్వమే ‘క్రైసిస్ లోన్’ ఇచ్చేది. వడ్డీ లేదు, నిజమే. కానీ వాయిదాలు వాళ్లకు ప్రభుత్వమిచ్చే భృతిలోంచే నేరుగా కోసుకునేవారు. అసలే చాలని డబ్బు, ఈ నెల టెన్షన్ వచ్చే నెలకు జరిగేదంతే! అయితే వసూలైన సొమ్ము ఇంకొకరికి అప్పుగా వెళ్లేది, ఆ సుగుణం ఒప్పుకోవాలి.

ఆ తర్వాత స్కాట్లాండ్ ‘స్కాటిష్ వెల్ఫేర్ ఫండ్’ పెట్టింది. ఇది గ్రాంటు, తిరిగి కట్టనక్కర్లేదు. దరఖాస్తు స్థానిక కౌన్సిల్‌కి (మన మున్సిపాలిటీ లాంటిది), మార్గదర్శకాలు మాత్రం అందరికీ ఒకటే. నాకిదే నచ్చింది.

ఇంగ్లండ్‌లో కూడా ఆ అప్పు పోయింది కానీ, ప్రభుత్వం అంతా కౌన్సిళ్ల ఇష్టానికి వదిలేసింది. తానిచ్చిన డబ్బు దీనికే వాడాలన్న షరతు లేకపోవడంతో కొన్నిచోట్ల పథకమే మూతపడింది. మరికొన్నిచోట్ల నగదుకు బదులు వోచర్లు చేతిలో పెట్టారు.