తుఫాను వేళ తాగునీరు: మరిగించడమా, క్లోరిన్ బిళ్ళా, ఫిల్టరా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడ్డాక చాలా కాలనీలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మేడల మీద చిక్కుకున్నవాళ్ళు నీళ్ళ సీసాల కోసం పడవల వైపు చేతులు చాచారు. ఇలాంటప్పుడు వంటింటి గోడకు వేలాడే ఆర్వో యంత్రం ఒట్టి అలంకారం. కరెంటు లేనిదే దానిలోంచి చుక్క రాదు. కాబట్టి పోటీలోంచి దాన్ని ముందే తప్పిస్తున్నాను. మిగిలినవి మూడు.

నమ్మకం విషయంలో మరిగించడాన్ని మించింది లేదు. బ్యాక్టీరియా, వైరస్‌లు, పరాన్నజీవులు అన్నీ చస్తాయి. నీళ్ళు తెర్లి కళపెళ మరగడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. పావుగంట మరిగించాలని పట్టుబట్టే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, కానీ అదంతా గ్యాసు దండగ. అసలు చిక్కు కూడా గ్యాసే. సిలిండర్ సగం ఖాళీ అయి ఉంటుంది, రోడ్ల మీద చెట్లు పడితే కొత్తది ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఉన్న గ్యాసుతో అన్నం వండాలా, నీళ్ళు కాచాలా? ఇంకొక లోపం ఉంది. మరిగించిన నీటికి ఆ తర్వాత రక్షణంటూ ఏమీ ఉండదు. బిందెలో పోసి, ఎవరో కడుక్కోని చేత్తో గ్లాసు ముంచారంటే పడిన శ్రమంతా వృథా.

క్లోరిన్ గెలిచేది సరిగ్గా అక్కడే. బిళ్ళ వేసి అరగంట ఆగితే నీళ్ళు శుద్ధి కావడమే కాకుండా, కొంత క్లోరిన్ నీళ్ళలోనే మిగిలి కాపలా కాస్తుంది. నిప్పు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. అయితే ఒక్కో బిళ్ళ ఒక్కో కొలతకు తయారవుతుంది. 5 లీటర్లకు సరిపోయేదీ ఉంది, 20 లీటర్లకు సరిపోయేదీ ఉంది, అందుకే అట్ట మీద రాసింది చదవాల్సిందే. అరగంట తర్వాత మూత తీసి వాసన చూడండి. లీలగా క్లోరిన్ వాసన తగలాలి. తగలకపోతే అంతే మోతాదు మళ్ళీ వేసి ఇంకో పావుగంట ఆగాలి. ఆ వాసన గిట్టక పారబోసేవాళ్ళను చూస్తుంటాం గానీ, మూత తీసి కాసేపు ఉంచితే చాలావరకు పోతుంది. బిళ్ళల అట్ట మీద 'మింగరాదు' అని మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసిపెట్టడం మంచిది. చీకట్లో జ్వరం మాత్ర అనుకునే ప్రమాదం లేకపోలేదు.

బ్లీచింగ్ పౌడర్ చవక కదా అంటారు. కోస్తా తేమకు సంచిలోనే దాని శక్తి తగ్గిపోతూ ఉంటుంది. పాత సంచిలోంచి చెంచాతో ఉజ్జాయింపుగా వేసిన నీళ్ళు తాగమని నేనైతే చెప్పను.

క్లోరిన్‌కు ఉన్న పెద్ద లోపం బురద. మట్టి కలిసిన నీళ్ళలో అది చాలావరకు ఆ మట్టికే ఖర్చయిపోతుంది. ముందు పటిక ముక్కను బిందెలో కొన్నిసార్లు తిప్పి వదిలేయాలి. మడ్డి అడుగుకు దిగాక పైతేటను బట్టలో వడగట్టి, అప్పుడు బిళ్ళ వేయాలి. పటికతో తేటపడ్డ నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి కనుక అలాగే తాగేయాలనిపిస్తుంది. తాగొద్దు, క్రిములు అందులోనే ఉంటాయి.

ఇక ట్రెక్కింగ్ వాళ్ళు వాడే చేతి ఫిల్టరు. సన్నని గొట్టాల గుండా నీటిని లాగి బ్యాక్టీరియాను, పరాన్నజీవులను ఆపేస్తుంది. మామూలు రకాలు వైరస్‌లను ఆపలేవు. మనిషికి జబ్బు చేసే వైరస్‌లు ఎక్కువగా మనుషుల మురుగు నుంచే వస్తాయి. అందుకే నల్లమలలో, ఎగువన ఊరు లేని వాగు దగ్గర ఆ ఫిల్టరు చాలావరకు సరిపోతుంది. బరువు తక్కువ, వేచి ఉండే పని లేదు. డ్రైనేజీ కలిసిన వరద నీటికి మాత్రం దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే పచ్చకామెర్లు కొనితెచ్చుకున్నట్టే.

నా ఓటు తుఫాను సంచిలో క్లోరిన్ బిళ్ళకు, అడవి సంచిలో ఫిల్టరుకు. కానీ ఈ మూడింటిలో ఏదీ ఉప్పునూ, పురుగుమందునూ, పెట్రోలునూ తీయలేదు. ఉప్పెన నీరు చేరిన బావిని, నూనె తెట్టు తేలే నీటిని వదిలేయాల్సిందే. అందుకే హెచ్చరిక వినగానే నీళ్ళు పట్టి పెట్టుకోవడం వీటన్నిటికన్నా ముందు పని. మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున నలుగురికి మూడు రోజులకు 36 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు. అవి అయిపోయాకే బిళ్ళల అవసరం.

ఇంట్లో పాలపొడి తాగే పసిబిడ్డ ఉంటే మాత్రం సిలిండర్‌లో మిగిలిన గ్యాసు ఆ బిడ్డ నీళ్ళకే కేటాయించండి, పెద్దలు బిళ్ళ నీళ్ళతో సరిపెట్టుకోవచ్చు.