పీహెచ్‌డీకి నేను వాడిన ఆన్‌లైన్ పాఠాలు

సోషల్ సైన్స్ రీసెర్చ్ స్కాలర్లలో చాలామందికి స్టాటిస్టిక్స్ పేరెత్తితేనే టెన్షన్. అనంతపురంలో ఉండి నేర్చుకోవడం కుదరదని, బెంగళూరుకో హైదరాబాద్‌కో పోవాలని మా వాళ్లు అనుకుంటారు. అవసరం లేదు. వలస కుటుంబాల మీద నా పీహెచ్‌డీ అంతా ఉచితంగా దొరికే పాఠాలతోనే నడిచింది.

పరిశోధనా పద్ధతులకు పీజీ స్థాయి పాఠాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-పీజీ పాఠశాల మంచిది. శాంప్లింగ్, ప్రశ్నావళి, ఇంటర్వ్యూ లాంటి వాటిపై విడివిడిగా పాఠాలున్నాయి. వీడియోల కన్నా పీడీఎఫ్‌లే నాకు ఎక్కువ పనికొచ్చాయి. ప్రింట్ తీసుకుని గీతలు గీసుకుంటూ చదవొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో కోర్సు ఉచితమే, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. లెక్కల్లో పునాది లేనివాళ్లు ముందు ఉచిత వీడియో పాఠాల సైట్ ఖాన్ అకాడమీ చూడాలి. స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ఎందుకు లెక్కేస్తామో అక్కడే నాకు బోధపడింది.

అసలు మేలు చేసింది మాత్రం జమోవి. ఇది ‘ఆర్’ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాష మీద కట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్, డబ్బు పెట్టి కొనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఎస్పీఎస్ఎస్ ఫైళ్లు కూడా తెరుస్తుంది. కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో నేను సేకరించిన వివరాల్లో రెండు కాలమ్‌లు తీసుకున్నా: ఇంట్లో ఎవరైనా వలస పోయారా, పిల్లలు బడి మానేశారా. ఫ్రీక్వెన్సీస్‌లో కై-స్క్వేర్ (రెండు విషయాలకు సంబంధం ఉందో లేదో చూసే పరీక్ష) ఎంచుకోగానే పక్కనే పట్టిక వచ్చేస్తుంది. ఎక్స్‌పెక్టెడ్ కౌంట్స్‌కు (ఆ రెంటికీ సంబంధం లేకపోతే ఒక్కో గడిలో ఉండాల్సిన అంకెలు) టిక్ పెడితే ఏ గడిలో అంకె 5 కన్నా తగ్గిందో కనబడుతుంది. రెండు వరుసలు, రెండు నిలువుల పట్టికలో అలా తగ్గితే దాని బదులు చిన్న అంకెలకు పనికొచ్చే ఫిషర్ టెస్ట్ చూడాలి. పాఠంలో విన్నది సొంత డేటాలో కళ్లముందు కనిపించాక ఇక మరిచిపోం. అందుకే కోర్సుల మీద కోర్సులు చేయడం కన్నా, ఒక పాఠం విని వెంటనే మన డేటా మీద చేసి చూడమని జూనియర్లకు గట్టిగా చెప్తాను.

తెలుగులో ఇంత వివరంగా చెప్పే పాఠాలు నాకు దొరకలేదు. పల్లె కాలేజీల నుంచి వచ్చే పిల్లల కోసం మన అధ్యాపకులు ఈ పని చేపట్టాలని నా కోరిక.

శోధ్‌గంగలో (మన యూనివర్సిటీల థీసిస్‌లు దొరికే వెబ్‌సైట్) మీ అంశానికి దగ్గరి థీసిస్‌లు వెతికి, వాటిలో మెథడాలజీ అధ్యాయం చదవండి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) జిల్లా లెక్కలు వాడేవాళ్లు ఒకటి గమనించాలి: ఆ సర్వే 2019-21 నాటిది, అనంతపురం జిల్లా విడిపోయింది 2022 ఏప్రిల్‌లో. కాబట్టి అందులో అనంతపురం అంటే హిందూపురం, కదిరి, పుట్టపర్తి కూడా కలిసిన పాత జిల్లా. ఆ మాట థీసిస్‌లో తప్పకుండా రాయండి.