టెక్సాస్‌లో రాత్రి పందుల వేట: మంచె మేలా, పొలం మేలా?

టెక్సాస్‌లో అడవి పందుల వేటకు తీసుకెళ్లే రాంచ్‌ల ప్రకటనలు చూస్తే సగం బస గురించే ఉంటాయి. మెత్తటి పరుపులు, వేడినీళ్ల తొట్టి, రాత్రికి మాంసం విందు. దక్షిణాన కొటుల్లా వైపు, ఉత్తరాన రెడ్ నదికి దిగువన బోనమ్ వైపు, రెండు చోట్లా వేటాడి వచ్చాను. నన్నడిగితే బస సంగతి చివర చూసుకోవచ్చు. ముందు ఆరా తీయవలసింది గైడు ఎలాంటివాడని. వేలు ట్రిగ్గర్ మీద ఉన్నప్పుడు చీకట్లో మనల్ని ఆపగలిగేది అతనొక్కడే.

బయలుదేరే ముందు కాగితాల సంగతి. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే, 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో పందుల వేటకు లైసెన్సు అక్కర్లేదు. సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితి లేదు, రాత్రి వేటకు అడ్డూ లేదు. ఇంతవరకే చదివి నిశ్చింతగా ఉండకండి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ చేతపట్టడాన్నే ఫెడరల్ చట్టం నిషేధించింది. అందులోని మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్సు దగ్గర ఉండటం. కాబట్టి రాష్ట్రం అడగకపోయినా మనవాళ్లు లైసెన్సు తీసుకునే వెళ్లాలి. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు వేట శిక్షణ కోర్సు కూడా ఉంది. 17 ఏళ్లు నిండినవాళ్లు ఆన్‌లైన్‌లోనే పూర్తిచేయవచ్చు. నేను ఫోన్ చేసి కనుక్కున్న వాళ్లలో బోనమ్ వైపు గైడు ఒక్కడే వీసా గురించి తనంతట తాను అడిగాడు. మిగిలినవాళ్లకు డబ్బు ఎప్పుడు కడతామన్నదే ధ్యాస.

దక్షిణాన భూమంతా మెస్కీట్ పొదలు, నాగజెముడు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దాయాది. పొదల మధ్య తిన్నగా కొట్టిన బాట, దాని చివర వేళకు మొక్కజొన్న గింజలు చిమ్మే యంత్రం, ఎదురుగా ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన మంచె. బస నిజంగా బాగుంది, వంట ఇంకా బాగుంది. వేట మాత్రం నిరాశపరిచింది. గైడు మమ్మల్ని మంచె ఎక్కించి, చేతికి వాకీటాకీ ఇచ్చి, ట్రక్కులోకి వెళ్లి కూర్చున్నాడు. అర్ధరాత్రి దాటాక, ఒంటి వేడిని బట్టి ఆకారాలు చూపే థర్మల్ స్కోప్‌లో ఒక గుంపు తెల్లగా మెరిసింది. కురచ ఒళ్లు, పెద్ద తల, తోక జాడే లేదు. అవి జావెలీనాలు. చూపుకు పందుల్లా ఉన్నా టెక్సాస్ చట్టంలో వేరే లెక్క. మనిషికి ఏడాదికి రెండే, రాత్రి కాల్చడం నేరం. వాకీటాకీలో అడిగితే "మేత దగ్గరికి వచ్చినవేగా, కానివ్వండి" అని జవాబు. నేను కాల్చలేదు. అక్కడికి ఇక వెళ్లను కూడా.

బోనమ్ వైపు బస అంటే పాత ట్రైలర్ ఇల్లు. అందరికీ ఒకటే స్నానాల గది, కాఫీ ఎవరికి వారే పెట్టుకోవాలి. కానీ పొద్దుగూకక ముందే గైడు పని మొదలుపెట్టాడు. ప్రతి రైఫిల్‌నూ నూరు గజాల దూరం నుంచి కాల్పించి గురి సరిచూశాడు. ట్రక్కు మీద పటం పరిచి, పశువులు ఎక్కడ మేస్తున్నాయో, పొరుగు ఇల్లు ఏ దిక్కునుందో, కంచె ఎక్కడ మలుపు తిరుగుతుందో చూపించాడు. వెనక మట్టిగట్టు లేకుండా, ఆకాశం కనిపించే వైపు ఒక్క తూటా కూడా పోకూడదన్నాడు.

ఆ తర్వాత పొలం యజమాని తన మొక్కజొన్న చేను చూపించాడు. విత్తి వారం కాలేదు. పందులు విత్తనం చాలు పట్టుకుని ముట్టెతో పెళ్లగిస్తూ పోయాయి. జానెడుకో గుంట, గుంట గుంటకూ ఒక గింజ మాయం. చాలు చివరిదాకా అంతే. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక గుంటలో వేలు పెట్టి తడిమి, ఏమీ మాట్లాడకుండా లేచాడు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు తెచ్చిన పందులకు 1930లలో వేట సరదాకు వదిలిన ఐరోపా అడవి పందులు కలిశాయి. చూలు మోసేది నాలుగు నెలలైనా నిండదు, ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు. తుపాకులతో వీటిని తుదముట్టించడం అసాధ్యం. ఆ చేను ఈ పంటకాలానికి దక్కితే అదే గొప్ప.

రాత్రి గాలివాటం చూసుకుంటూ ఎదురుగాలికి నడిచాం. పంది కంటిచూపు అంతంతే గానీ దాని ముక్కును ఏమార్చలేం. ట్రైపాడ్ల మీద రైఫిళ్లు కుదురుకున్నాక స్కోప్‌లో తల్లులు, పిల్లలు, కాస్త ఎడంగా ఒక ఏకలం, అంటే ఒంటరి మగపంది. దాని పక్కల మీద బురద అంటిన చోట మచ్చలు చల్లగా, నల్లగా కనిపించాయి. కాల్చబోతుంటే గైడు నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. గుంపు వెనక కంచె దగ్గర మరో వేడి చుక్క ఉంది. ఆవు కావచ్చునన్నాడు. పందులు మేస్తూ పక్కకు జరిగేదాకా చాలాసేపు నిలబెట్టాడు. తర్వాతే అంకెలు లెక్కపెట్టి అందరినీ ఒకేసారి కాల్చమన్నాడు. పంది గుండె జింక గుండె కన్నా ముందుకు, కిందకు ఉంటుంది. గురి ముందుకాలి వెనక కాదు, భుజం మీదే. ముదిరిన మగపందికి భుజం మీద దళసరి కవచం ఉంటుంది కాబట్టి అద్దెకు పెద్ద తూటాలు కాల్చే .308 రైఫిల్ అడగడం మంచిది. సైలెన్సర్ ఉన్నా చెవులకు రక్షణ తప్పనిసరి.

మాంసం విషయంలోనూ తేడా ఉంది. దక్షిణాన చచ్చినవాటిని అలాగే వదిలేస్తారట. ఇక్కడ చల్లటి గది ఉంది, కోయడం నేర్పుతారు. పందుల నుంచి మనుషులకు అంటే బ్రూసెల్లోసిస్ జబ్బు భయం ఉంది కనుక చేతికి తొడుగులు లేనిదే కత్తి ఇవ్వరు. లోపలిదాకా 71 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలేలా వండుకోవాలి.

హెలికాప్టర్ నుంచి వేటకు 2011లో చట్టం అనుమతించింది. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది, నాకు ఆసక్తి లేదు. వేసవిలో నేల వేడిమికి థర్మల్‌లో ఆకారాలు అంత తేటగా విడిపడవు, పైగా గిలక పాముల కాలం. నేను మళ్లీ వెళితే వసంతంలో, బోనమ్ వైపే. విత్తనం పడగానే కబురు చేస్తానని ఆ రైతు నా ఫోను నంబరు రాసుకున్నాడు.