మూడింటిదీ 500 న్యూటన్ మీటర్లే: ఎం340ఐ, సీ43, ఎస్5లో ఏది మేలు?

మా బావ కారు మార్చాలనుకున్న రోజు నుంచి ఇంట్లో ఇదే చర్చ. తిరిగి తిరిగి చివరికి మూడు పేర్ల దగ్గర ఆగాడు: బీఎండబ్ల్యూ ఎం340ఐ, మెర్సిడెస్ ఏఎంజీ సీ43, ఆడి ఎస్5 స్పోర్ట్‌బ్యాక్. ఎస్5 అయితే సెకండ్ హ్యాండ్‌లోనే, అదీ మంచి కండిషన్‌లో దొరికితేనే. మూడూ జర్మన్ కంపెనీలవే, మూడూ పెట్రోల్‌వే, మూడింటిలోనూ నాలుగు చక్రాలకూ పవర్ అందుతుంది. బ్రోచర్లు ముందేసుకుని చూస్తే టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, దగ్గర మూడింటిలోనూ ఒకటే అంకె, 500 న్యూటన్ మీటర్లు.

"అంకె ఒకటే అయినప్పుడు ఏ బ్యాడ్జి నచ్చితే అది తీసుకుంటే సరిపోతుంది కదరా" అన్నాడు బావ.

సరిపోదని నా వాదన. ఆ 500ను ఎం340ఐ ఆరు సిలిండర్లను, అంటే పెట్రోల్ మండే గొట్టాలను, ఒకే వరసలో పేర్చి తెచ్చింది. ఎస్5 ఆ ఆరింటినీ రెండు పాయలుగా చీల్చి తెచ్చింది. సీ43 నాలుగు సిలిండర్లతోనే లాక్కొచ్చింది. రోజూ స్టీరింగ్ పట్టుకునే మనిషికి తేడా తెలిసేది అక్కడే. పైగా ఈ కారును సోమవారం నుంచి శుక్రవారం వరకు నడిపేది బావ కాదు, మా అక్క. కోకాపేట నుంచి మాదాపూర్ ఆఫీసుకు, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో.

తెలిసినవాళ్ల దగ్గర మూడు కార్లూ ఉండటంతో ఒక ఆదివారం పొద్దున్నే వాటిని పక్కపక్కన నిలిపి బానెట్లు ఎత్తాం. కొనేముందు ఎవరైనా చేయదగ్గ పని ఇది. ముందు చక్రాల మీద, ఇంజిన్‌కు రెండు వైపులా షాక్ అబ్జార్బర్ల పైకొనలు కనిపిస్తాయి. వాటిని కలుపుతూ అడ్డంగా ఒక గీత ఊహించుకోండి. ఎం340ఐలో ఇంజిన్ ఎక్కువ భాగం ఆ గీతకు వెనక, డ్యాష్‌బోర్డు కిందికి జొరబడి ఉంది. ఎస్5లో ఎక్కువ భాగం గీతకు ముందు, రేడియేటర్‌ను ఆనుకుని ఉంది. సీ43లో ఇంజిన్ పొట్టిది కాబట్టి హాయిగా వెనక్కి జరిగి కూర్చుంది. బావ మూడింటి దగ్గరా ఆగి వేలితో కొలుచుకుంటూ చూశాడు. ఆ తర్వాత బ్యాడ్జి మాట ఎత్తలేదు.

ఆడి అలా ఎందుకు పెట్టిందంటే దానికి పాత కథ ఉంది. 1980లో నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న క్వాట్రో కారు తెచ్చినప్పటి కంటే ముందు నుంచే వాళ్ల కార్లలో ఇంజిన్ ముందు ఇరుసుకు అవతల వేలాడేది, దాని వెనకాలే గేర్‌బాక్స్ ఉండేది. అలా ముందుకు వేలాడే చోట పొడవాటి ఇంజిన్ పట్టదు. అందుకే అప్పట్లో ఆరు సిలిండర్ల వరస పెట్టలేక అయిదు సిలిండర్లతో ఇంజిన్ చేశారు. ఆ అయిదు సిలిండర్ల శబ్దమే తర్వాత ర్యాలీల్లో వాళ్లకు పేరు తెచ్చింది. ఎస్5లో ఉన్న 3.0 లీటర్ల వీ6 కూడా అదే అవసరంలోంచి వచ్చింది. పొడవు తగ్గాలి, కాబట్టి మూడు ఈ పక్క, మూడు ఆ పక్క. ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బోను ఆ రెండు పాయల మధ్య లోయలో పెట్టారు. పనితనంలో వంక పెట్టలేం. కానీ బరువు ముక్కు మీద పడుతుంది, దాన్ని ఎవరూ దాచలేరు.

ఇక వరసగా ఆరు సిలిండర్లు ఉంటే ఏమిటంత గొప్ప అంటే, కుదుపు. పిస్టన్ అంటే సిలిండర్‌లో పైకీ కిందికీ ఊగే బరువు. ఒకటో సిలిండర్‌కు ఆరోది, రెండోదానికి అయిదోది, మూడోదానికి నాలుగోది అద్దంలో బొమ్మలా జతగా కదులుతాయి. జతల మధ్య 120 డిగ్రీల ఎడం ఉంటుంది. లెక్క వేస్తే ఆ ఊపులన్నీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అదనంగా ఏ బరువూ తగిలించక్కర్లేదు. నాలుగు సిలిండర్లలో అలా కుదరదు. పిస్టన్‌ను క్రాంక్‌కు, అంటే ఇంజిన్‌లో తిరిగే ఇరుసుకు, కలిపే కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా తిరగడం వల్ల పిస్టన్ పై సగంలో వేగంగా, కింది సగంలో కాస్త నెమ్మదిగా కదులుతుంది. రెండు పైకి, రెండు కిందికి వెళ్తున్నా ఈ వేగాల తేడా మిగిలిపోయి, క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు ఇంజిన్‌ను కుదుపుతుంది. దాన్ని అణచడానికే చాలా నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో క్రాంక్‌కు రెట్టింపు వేగంతో తిరిగే బ్యాలెన్స్ షాఫ్టులు పెడతారు. వీ6 పరిస్థితి మధ్యస్థం. మూడేసి సిలిండర్ల పాయ కొసల దగ్గర ఊగుతుంది, అందుకని ఆడి ఆ వీ నడుమ ఒక బ్యాలెన్స్ షాఫ్ట్ పెట్టింది.

ఇదంతా పుస్తకంలో లెక్క అనుకోవద్దు. సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలుంచి, ఏసీ నడుస్తుండగా స్టీరింగ్ మీద రెండు వేళ్లు ఊరికే ఆనించి చూడండి. ఎం340ఐలో ఇంజిన్ నడుస్తోందో లేదో చూడటానికి మీటర్ వైపు కళ్లు తిప్పాల్సి వచ్చింది. ఎస్5 కూడా దాదాపు అంతే. సీ43లో సన్నటి వణుకు వేళ్లకు అందింది. చెడ్డదేమీ కాదు, కానీ ఉంది.

ఇప్పుడు ఆ 500 సంగతి. ఎస్5లో అది 1,370 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచే అందుతుంది, ఎం340ఐలో 1,900 దగ్గర మొదలై 5,000 వరకు నిలుస్తుంది. సీ43లో 500 అందేది 5,000 ఆర్‌పీఎం దగ్గర. అంకె ఒకటే, ఉండే చోటు వేరు. మన రోడ్ల మీద ఇంజిన్ రోజులో ఎక్కువ సేపు రెండు వేల చుట్టుపక్కలే తిరుగుతుంది. నార్సింగి సర్వీస్ రోడ్డులో ఆటో పక్కకు జరిగి దారి ఇచ్చిన క్షణంలో కాలు కాస్త ఆనిస్తే ఎస్5, ఎం340ఐ మారు మాట్లాడకుండా కదిలాయి. సీ43 ముందు గేరు తగ్గించుకుని, తర్వాత దూకింది. దూకినప్పుడు మాత్రం మహా దూకుడు.

గేర్‌బాక్స్ పాత్ర కూడా ఇందులో ఉంది. ఎం340ఐ, ఎస్5 రెండింటిలోనూ టార్క్ కన్వర్టర్ ఉన్న 8 గేర్ల ఆటోమేటిక్. కారు కదిలేటప్పుడు నూనె మెత్తగా నెడుతుంది. సీ43లో 9 గేర్లు, కన్వర్టర్ స్థానంలో నూనెలో తడిసే క్లచ్. వేగంలో గేర్లు చకచకా పడతాయి. నడక వేగంతో పాకే ట్రాఫిక్‌లో ఆ క్లచ్ పట్టూ విడుపూ కాలికి తెలుస్తుంది. గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కేలోపు బావ రెండుసార్లు నా వైపు చూశాడు.

చేవెళ్ల దారిలో మర్రిచెట్లు దాటి అనంతగిరి మలుపులకు చేరాక లెక్క కాస్త మారింది. అక్కడ సీ43 తన అసలు రూపం చూపించింది. ముక్కు తేలిక, వెనక చక్రాలు కూడా 2.5 డిగ్రీల వరకు తిరుగుతాయి, నాలుగు చక్రాల డ్రైవ్ పవర్‌లో 69 శాతం వెనక్కే పంపుతుంది. ఇంత పెద్ద కారు చిన్న కారులా మలుపు తిరిగింది. ఎస్5 పట్టు విడవదు. తడిరోడ్డు మీద మూడింట్లో నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చేది అదే. కానీ మలుపు బిగిసే కొద్దీ ముక్కు బయటికి లాగుతున్నట్టు స్టీరింగ్ చెబుతుంది. ఎం340ఐ ఈ రెండింటి మధ్య కాదు, సీ43 పక్కనే నిలుస్తుంది. ముందూ వెనకా బరువు సగం సగానికి దగ్గరగా ఉండటం ఆ మలుపుల్లో నడుముకు తెలుస్తుంది.

సీ43 ఇంజిన్‌ను తక్కువ చేసి మాట్లాడే వాళ్లంటే నాకు ఒప్పదు. 1,991 సీసీలో 408 హార్స్‌పవర్, అంటే లీటరుకు 200 దాటి. ఎం340ఐ 2021లో ఇక్కడికి వచ్చినప్పుడు 387, అంటే లీటరుకు 130 లోపే. ఎస్5ది 354. మెర్సిడెస్ వేగపు కార్ల విభాగం ఏఎంజీ ఉన్న జర్మనీ ఊరు అఫాల్టర్‌బాక్‌లో ఒక్కో ఇంజిన్‌ను ఒక్కో మనిషి చేత్తో బిగిస్తాడు. టర్బో ఇరుసు మీదే, రెండు ఫ్యాన్ల మధ్య, సుమారు 4 సెంటీమీటర్ల మందం ఉన్న విద్యుత్ మోటార్ పెట్టారు. పొగ ఒత్తిడి అందేదాకా ఆగకుండా అదే టర్బోను తిప్పేస్తుంది, నిమిషానికి 1,75,000 చుట్ల వరకు. ఫార్ములా వన్‌లో నేర్చుకున్న విద్య ఇది. ఇంజినీరుగా చూస్తే చేతులెత్తి దండం పెట్టాలి.

కానీ ఆ విద్య ఏ ప్రశ్నకు జవాబు? యూరప్‌లో కంపెనీ అమ్మే కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్‌కు పరిమితి ఉంది. అక్కడ చిన్న ఇంజిన్‌కు అర్థం ఉంది. చైనాలో ఇంజిన్ సీసీని బట్టి పన్ను పెరుగుతుంది, అక్కడా అర్థం ఉంది. మన దగ్గర 1,500 సీసీ దాటిన ఇలాంటి పెట్రోల్ సెడాన్‌కు 2 లీటర్లయినా 3 లీటర్లయినా పన్ను ఒకటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం. అంటే రెండు సిలిండర్లు వదులుకున్నందుకు హైదరాబాద్‌లో కొనేవాడికి పైసా మిగలదు.

మెర్సిడెస్‌కు వరస ఆరు సిలిండర్ల విలువ తెలియదా అంటే, బాగా తెలుసు. 1997లో దాన్ని వదిలి వీ6కు మారింది. పొట్టి ఇంజిన్ అయితే ముందు నుంచి గుద్దుకున్నప్పుడు నలగడానికి చోటు మిగులుతుంది, వీ8 తయారయ్యే లైన్ మీదే తయారవుతుంది. సరిగ్గా ఇరవై ఏళ్ల తర్వాత 2017లో ఎస్-క్లాస్‌లో మళ్లీ వరస ఆరుకు తిరిగొచ్చింది. 48 వోల్టుల కరెంటుతో ఏసీ కంప్రెసర్, వాటర్ పంపు నడుస్తాయి కాబట్టి ముందు బెల్టులు పోయి ఇంజిన్ పొడవు తగ్గింది. పొగ అంతా ఒకే వైపు వస్తుంది కాబట్టి దాన్ని శుభ్రం చేయడం కూడా సులువు. ఏఎంజీ కూడా సీఎల్ఈ 53 కారులో ఆ ఆరే వాడుతోంది. సీ43లో కూడా అదే పెట్టి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

బీఎండబ్ల్యూ మాత్రం ఆ వరసను ఎప్పుడూ వదల్లేదు. ఎం340ఐలో ఉన్న బీ58 ఇంజిన్ 2015 నుంచి వస్తోంది. 2019లో తన స్పోర్ట్స్ కారు సుప్రాను మళ్లీ తెచ్చినప్పుడు టయోటా ఈ ఇంజిన్‌నే తీసుకుంది. మన్నికకు పేరున్న కంపెనీ తన పేరు పెట్టుకునే కారుకు దీన్ని ఎంచుకుందంటే నాకు అది పెద్ద సాక్ష్యం. లోటు లేదని కాదు. క్రాంక్‌తో పాటు వాల్వులను నడిపే గొలుసు, టైమింగ్ చైన్, ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాంతో పనిపడితే చాలా విప్పాలి. వాడిన కారు కొనేవాళ్లు నూనె ఎప్పుడెప్పుడు మార్చారో సర్వీస్ రికార్డులో తప్పకుండా చూసుకోవాలి.

ఇక డబ్బు. 2022 డిసెంబర్‌లో మార్పులతో వచ్చిన ఎం340ఐ ఎక్స్-షోరూమ్ 69.20 లక్షలు, 2023 నవంబర్‌లో సీ43 వచ్చినప్పుడు 98 లక్షలు. దాదాపు 29 లక్షల తేడా, దాని మీద లైఫ్ టాక్సూ ఇన్సూరెన్సూ కూడా పెరుగుతాయి. ఆ డబ్బుతో అమ్మానాన్నల కోసం ఇంకో ఇన్నోవా వస్తుంది. ఎం340ఐని చెన్నై దగ్గర ఫ్యాక్టరీలో బిగిస్తారు. మిగతా రెండూ పూర్తిగా బయట తయారై దిగుమతి అయిన కార్లు. ఎస్5 2021లో 79.06 లక్షలకు వచ్చింది, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చాలా తక్కువకు అడగవచ్చు. కానీ దిగుమతి కారు విడిభాగం కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో మాకు అనుభవమే. మా పాత కారు ఒక చిన్న సెన్సర్ కోసం వర్క్‌షాపులో మూడు వారాలు పడి ఉంది. ఆ మూడు వారాలూ అక్క క్యాబ్‌లలో తిరిగింది.

అందుకే నా ఓటు ఎం340ఐకి, రెండో ఆలోచన లేకుండా. నెలకు నాలుగుసార్లు విజయవాడ వెళ్లొచ్చే మనిషి, ఎక్కువగా హైవే మీదే ఉండేవాడు అయితే ఎస్5 వైపు చూడమంటాను. దాని నిశ్శబ్దం, వర్షంలో దాని పట్టు అలాంటివాళ్లకే అక్కరకొస్తాయి. సీ43 రెండో కారుగా, తెల్లవారుజామున అనంతగిరి కోసం దాచుకోగలిగిన వాళ్లది.

బావ మనసు కూడా ఎం340ఐ వైపే ఉంది, కానీ బుకింగ్ ఇంకా కాలేదు. అక్క మాత్రం సీ43 లోపలి స్క్రీన్లనూ సీట్లనూ ముట్టుకుని చూసి, అదే బాగుందంటోంది. "అక్కా, నువ్వు దాన్ని నిలబెట్టి ఉన్నప్పుడే చూశావు" అన్నాను. వచ్చే సోమవారం సాయంత్రం ఆరున్నరకు, ఆఫీసులు వదిలే వేళ, ఎం340ఐ, సీ43 రెండింటినీ తననే గచ్చిబౌలి మీదుగా నడపమన్నాం.