కోయంబత్తూరు సీనియర్ లివింగ్‌లో నాలుగేళ్లు: ఇల్లు తర్వాత, ముందు కిచెన్ చూడండి

ర్యాంపులు, బాత్రూముల్లో పట్టుకునే కడ్డీలు, జారని టైల్సు, మంచం పక్కన ఎమర్జెన్సీ బెల్లు, నర్సు వచ్చి బీపీ చూసి వెళ్లడం ఇప్పుడు దాదాపు ఏ రిటైర్మెంట్ కమ్యూనిటీలోనైనా ఉంటాయి. బ్రోచర్ నిండా అవే కాబట్టి వాటి జోలికి పోను. నేను రాసేదంతా డైనింగ్ హాలు గురించే. మేం విజయవాడ వదిలి ఇక్కడికి రావడానికి కారణం అదే, వచ్చాక నన్ను ఏడిపించిందీ అదే.

ఎండ సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను, ఫోన్ చేసిన ప్రతివాళ్లూ మొదట అడిగేది అదే కనుక. మే నెలలో పొద్దున పదింటికే తలుపులు బిగించుకుని కూర్చునే బెజవాడ వాళ్లకి ఇక్కడి ఎండ ఒక లెక్కలోకి రాదు. ఊరు సముద్రమట్టానికి 400 మీటర్ల పైన ఉంది. పడమటి కనుమల మధ్య పాలక్కాడు దగ్గరున్న సందులోంచి గాలి నేరుగా ఇటే కొడుతుంది. వెలుతురు దండిగా ఉంటుంది, మన కోస్తా ఉక్క ఉండదు. మా వారి మోకాళ్లకి ఈ పొడి వాతావరణం బాగా పడింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మాత్రం గట్టిగానే కాస్తుంది. ఇక జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలికి క్లిప్పు పెట్టని చీర పక్క బ్లాకులో దొరుకుతుంది. ఆయాసం ఉన్నవాళ్లు ఆ నెలల్లోనే గెస్ట్ రూమ్ తీసుకుని ఓ వారం ఉండి చూసుకోవడం మంచిది. కోయంబత్తూరుకి వచ్చే సిరువాణి నది నీళ్ల రుచి గురించి విన్నదంతా నిజమే కానీ, ఊరికి దూరంగా కొండల వైపు కట్టిన మాలాంటి చోట్ల స్నానానికి వచ్చేవి బోరు నీళ్లే. బకెట్ల మీద తెల్లటి పొర కడుతుంది.

నేను ముప్పై ఏళ్ల పైచిలుకు బళ్లో పాఠాలు చెప్పాను. తెల్లవారుజామున లేచి కుక్కర్ పెట్టి, క్యారియర్లు కట్టి, బస్సు పట్టుకున్నదాన్ని. రిటైరయ్యాక బస్సు ఒక్కటే తగ్గింది. ఇక్కడ మొదటి నెలల్లో స్నానం చేసి కిందికి దిగితే చాలు, స్టీలు పళ్లెంలో పొంగలి, నేతిలో వేగిన జీడిపప్పు, పక్కన గొత్సు. మధ్యాహ్నం కూటు, పొరియల్, రసం, మజ్జిగ. నాలుగింటికి ఫిల్టర్ కాఫీ. గిన్నెలు ఎవరు తోముతున్నారో, పాలు విరిగాయో లేదో నాకు అక్కర్లేదు. “ఇవాళ ఏం కూర?” అన్న మాట మా ఇంట్లో వినపడటం మానేసింది. ఆ సంబరంలో మా అక్కకీ, తోడికోడలికీ ఫోన్లు చేసి ఇల్లు అమ్ముకునైనా వచ్చేయమన్నాను.

అప్పుడు వాళ్లకి చెప్పని కొన్ని ఇక్కడ కలుపుతున్నాను. రాత్రి అన్నం ఉండదు. ఏడింటికి దోసో, చపాతీయో పెట్టి ఎనిమిదింటికల్లా హాల్లో లైట్లు ఆర్పేస్తారు. మా వారికి పడుకునే ముందు పెరుగన్నం రెండు ముద్దలు పడకపోతే నిద్ర రాదు. దాంతో అటక మీద పెట్టిన చిన్న కుక్కర్ మళ్లీ కిందికి దిగింది. ఉల్లి, వెల్లుల్లి వాడరు. ముద్దపప్పు కావాలంటే మెనూ కమిటీలో గొడవపడాల్సి వచ్చేది. ఉప్పూ కారం అందరి డాక్టర్లూ ఒప్పుకునేలా ఉంటాయి.

భాషకి మాత్రం నేను భయపడినంత ఇబ్బంది రాలేదు. ఎన్నో యంత్రాలు కనిపెట్టిన తెలుగింటి మనిషి జి.డి. నాయుడు పుట్టిన ప్రాంతం ఇది. మిల్లులు, ఫౌండ్రీలు పెట్టిన కుటుంబాల్లో చాలామంది ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం రాయడం మాత్రం తమిళంలో. మా డైనింగ్ సూపర్‌వైజరూ అలాంటి కుటుంబంవాడే. మన పత్రిక చేతికిస్తే ఒక్క అక్షరం చదవలేడు గానీ, “తిన్నారా అమ్మా?” అని రోజూ తెలుగులోనే పలకరిస్తాడు.

ఇలాంటి చోట్ల ఇల్లు మన పేరు మీద ఉంటుంది, కిచెన్ మన చేతిలో ఉండదు. బిల్డరు కట్టి అమ్మి, కొన్నాళ్లు తన మనుషులతో నడిపి, తర్వాత కొన్నవాళ్ల అసోసియేషన్‌కి అప్పజెబుతాడు. వంట క్యాటరింగ్ కాంట్రాక్టరుది. అతనికి డబ్బు వచ్చేది పళ్లేల లెక్కన. మా దగ్గర సగం ఇళ్లకు తాళాలే. కొన్నవాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, లేదా దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉన్నారు. రోజూ ఉండేవాళ్లలో కొందరు వేసవి రాగానే పిల్లల దగ్గరికి ఎగిరిపోతారు. పళ్లేలు తగ్గినా వంటవాళ్ల జీతాలు తగ్గవు. కాంట్రాక్టరు రేటు పెంచమంటాడు, తినేవాళ్లు రుచి పడిపోయిందంటారు. తాళం వేసుకున్నవాళ్లు తినని తిండికి మేమెందుకు కట్టాలంటారు. అందరి మీదా మెయింటెనెన్స్‌లో వేసేద్దామంటే దానికో చిక్కుంది. మాలాంటి పెద్ద అసోసియేషన్లలో నెలకు ఇంటికి 7,500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్టీ. ఆ గీత దాటడానికి జనరల్ బాడీలో చేతులు లేవవు.

అలా సాగుతూ సాగుతూ ఒక నవంబరులో తెగింది. ఇక్కడ పెద్ద వానలు అప్పుడే, ఈశాన్య రుతుపవనాలకి. రాత్రి తొమ్మిది దాటాక రెసిడెంట్స్ గ్రూపులో ఒక మెసేజి వచ్చింది: రేపటి నుంచి కిచెన్ ఉండదు, బకాయిలు తేలేదాకా కాంట్రాక్టరు మనుషుల్ని వెనక్కి పిలుచుకుంటున్నాడు. చాలామంది అప్పటికే నిద్రపోయారు. తెల్లవారేసరికి వంటవాళ్లూ లేరు, పెద్ద గ్రైండరూ లేదు, ఇడ్లీ పాత్రలూ లేవు. అవన్నీ అతనివేనట, మాకు తెలియదు.

పొద్దున ఏడున్నరకి అలవాటు ప్రకారం అందరూ దిగారు. మా బ్లాకులో ఒంటరిగా ఉండే ఒక రిటైర్డ్ ఆర్మీ ఆఫీసరు ఉన్నారు, ఎనభై దాటిన మనిషి. రోజూలాగే గదిలో ఇన్సులిన్ పొడుచుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఫోన్ చూడరు. ఖాళీ హాల్లో అరగంట ఓపిగ్గా ఎదురుచూశారు. నేను దిగేసరికి చొక్కా తడిసిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి. “సర్, టిఫిన్ తిన్నారా?” అంటే నన్ను పేరు పెట్టి కాకుండా ఇంకెవరి పేరుతోనో పిలిచారు. మా వారికీ షుగరే, కాబట్టి ఇన్సులిన్ వేసుకుని ఏమీ తినక షుగర్ పడిపోయిందని నాకు వెంటనే తట్టింది. కాఫీ కౌంటర్లో చక్కెర డబ్బా మిగిలి ఉంది. గ్లాసుడు నీళ్లలో నాలుగు చెంచాలు కలిపి తాగించాం. తేరుకున్నాక రెండు అరటిపళ్లు పెట్టాం. నర్సు వచ్చి మీటరుతో చూసేటప్పటికి మనిషి కాస్త కుదుటపడ్డారు, తాగింది కాఫీ అనుకుని, ఎందుకింత తియ్యగా ఉందని కోప్పడ్డారు కూడా.

ఆ తర్వాత అందరికీ గుర్తొచ్చింది, చాలా ఇళ్లలో స్టవ్వే లేదని. కిచెన్ ఉంది కదా అని ఒక ఇండక్షన్ ప్లేటు, ఒక గిన్నె పెట్టుకుని బతికేస్తున్నాం. బయటి నుంచి తెప్పించుకుందామంటే డెలివరీ యాప్‌లు మా వైపు సరిగా పనిచేయవు. చీకటి పడ్డాక అసలే రారు, కొండ దిగి ఏనుగులు తోటల్లోకి వస్తాయి కాబట్టి మా గేటు దగ్గరే వాచ్‌మన్ బయటికి వెళ్లొద్దంటాడు. ఇక సూపర్‌వైజరు ఒక్కడే వెళ్లకుండా ఉండిపోయాడు. ఊళ్లో వాళ్ల పిన్ని గారింటి నుంచి రెండు పెద్ద గుండిగలు, ఒక గ్యాసు బర్నరు బండిలో వేసుకొచ్చాడు. నేనూ, పై అంతస్తు పాలక్కాడు ఆవిడా, రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి ఒకాయనా కలిసి ఉప్మా దించాం. మధ్యాహ్నానికి అన్నం, మన పద్ధతిలో టమాటా పప్పు, ఎవరింట్లో ఉన్న ఊరగాయ వాళ్లది. వంట మానేద్దామని వచ్చిన నేను, విజయవాడలో ఎన్నడూ పట్టని పెద్ద గరిటె ఇక్కడ పట్టాను. ఓ పెళ్లి వంటాయన దొరికేదాకా అలాగే నడిచింది. ఉప్మా బాగుందన్నారు అందరూ. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా పోలేదు. డబ్బు గొడవలు ఎక్కడైనా ఉంటాయి. కానీ ఎవరు ఎన్ని గంటలకి ఇన్సులిన్ వేసుకుంటారో రిజిస్టరులో రాసి ఉన్న చోట, ఒక్క రాత్రి మెసేజితో కిచెన్ మూసేయడం ఏమిటి?

ఇప్పుడు కిచెన్ అసోసియేషనే నడుపుతోంది. పాత్రలు కొన్నాం, వంటవాళ్లకి నెలజీతం ఇస్తున్నాం. తాళం వేసిన ఇళ్ల మీద కూడా కిచెన్‌కని కనీస మొత్తం వేశాం. విదేశాల్లో ఉన్న ఓనర్లతో గ్రూపులో జరిగిన యుద్ధం ఇంకా చల్లారలేదు. ఐటమ్‌లు తగ్గాయి, ఆదివారం రాత్రి వంట బందు. ముద్దపప్పు, ఆవకాయ మాత్రం గురువారం మెనూలోకి ఎక్కాయి. తమిళులే ముందు వరసలో నిలబడుతున్నారు.

కొనేవాళ్లు వెళ్లి చూసేటప్పుడు మోడల్ ఫ్లాటు దగ్గర ఆగకుండా రాత్రి ఎనిమిదింటికి ఎన్ని కిటికీల్లో లైటు వెలుగుతోందో చూడండి. పళ్లేలు రోజుకు ఎన్ని లేస్తున్నాయి, పాత్రలు ఎవరివి, కాంట్రాక్టరు మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవి కాగితం మీద అడగండి. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకి మోడల్ గైడ్‌లైన్స్ ఇచ్చింది. బిల్డరు, సేవలు అందించే సంస్థ, కొన్నవాళ్లు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలని అందులో ఉంది. అవి మోడల్ మాత్రమే కాబట్టి మన ఒప్పందంలో ఏముందో మనమే చదువుకోవాలి.

మాకు ఇక్కడ నడుస్తోంది. ఇద్దరం ఇంకా తిరగగలుగుతున్నాం. అమ్మాయి బెంగళూరులో ఉంది, 2023 చివర్లో వందే భారత్ మొదలయ్యాక పగటిపూటే వచ్చేస్తోంది. విజయవాడలో పెళ్లిళ్లకి కేరళ ఎక్స్‌ప్రెస్ ఉంది. మతిమరుపు ముదిరినవాళ్లని, మంచాన పడ్డవాళ్లని చూసుకునే ఏర్పాటు మాత్రం మా దగ్గర లేదు. అలాంటి పరిస్థితి వస్తే ఎక్కడికి వెళ్లాలో మేం కూడా ఇంకా తేల్చుకోలేదు. నోటికి కారం పడాల్సిన వాళ్లు, రాత్రి అన్నం మానలేని వాళ్లు చిన్న కుక్కర్ తెచ్చుకోండి. ఒకటి మాత్రం చెప్పాలి: పోయిన ఏడాది నుంచి నేను మెనూ కమిటీలో ఉన్నాను. అందుకని కిచెన్‌కి నేను వేసే నాలుగు స్టార్లలో ఒకటి మీరే తగ్గించుకుని చదవండి.