బరంపురం నుంచి పక్షుల కోసం: నలబన మేలా, మంగళజోడి మేలా?

చలికాలం మొదలైతే బరంపురంలోని మా తెలుగు ఇళ్లలో చిలికా ప్రయాణం మాట రాక మానదు. సరస్సు పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలు మూడింటిలోనూ పరచుకొని ఉంది గనుక, రంభలో గంటసేపు పడవెక్కి వచ్చినవారూ, కాళిజాయి అమ్మవారికి మొక్కు చెల్లించుకొని వచ్చినవారూ ‘చిలికా చూశాం’ అనే అంటారు. పక్షుల కోసమే బయలుదేరేవారు మాత్రం సరస్సు నడుమనున్న నలబనకు వెళ్లాలా, ఉత్తరపు ఒడ్డునున్న మంగళజోడికి వెళ్లాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

పేరులోనూ, సంఖ్యలోనూ నలబనదే పైచేయి. చిలికా 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల పట్టికైన రామ్‌సర్ జాబితాలో చేరగా, 15.53 చదరపు కిలోమీటర్ల ఈ దీవిని 1987లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. వానాకాలంలో పూర్తిగా మునిగిపోయి, ఆ తరువాత నీరు తీసేకొద్దీ బురదమేటగా పైకి తేలడమే దీని ప్రత్యేకత. ఆ బురదలోని మేత కోసమే రాజహంసలు (ఫ్లెమింగోలు), బాతులు, ఉల్లంకులు అక్కడ గుమిగూడతాయి. చిలికా మొత్తంమీద చలికాలపు లెక్కింపులో పది లక్షలకు మించి పక్షులు తేలిన సంవత్సరాలున్నాయి, వాటిలో పెద్ద వాటా నలబనదే.

చిక్కల్లా వాటికీ మన కంటికీ మధ్యనుండే దూరంతోనే వస్తుంది. సరస్సు ఒడ్డునున్న బాలుగావ్ నుంచో బర్కుల్ నుంచో మోటారు పడవలో వెళ్లాలి. మేట చుట్టూ నీరు బాగా పలచన కాబట్టి పడవ దగ్గరకు పోలేదు, అభయారణ్యం కాబట్టి పోనివ్వరు కూడా. ఒక జనవరిలో మేము మాట్లాడుకున్న పడవ గంటన్నర ఆలస్యంగా కదిలింది. అక్కడికి చేరేసరికి ఎండ ముదిరి, గాలి లేచి, నీటిమీది వేడికి దూరపు ఆకారాలన్నీ అలలాడుతున్నాయి. బైనాక్యులర్ అందుకున్న మా అత్తయ్య కాసేపు చూసి, ‘హుమ్మ ఉప్పుకుప్పల్లాగున్నాయి బాబూ, ఇవేనా నీ రాజహంసలు?’ అన్నది. హుమ్మ మా గంజాం జిల్లాలో ఉప్పు పండించే ఊరు. ఆ పోలికను నేను కాదనలేకపోయాను.

మంగళజోడి సంగతి వేరు. దయా, భార్గవి వంటి మహానది పాయలు తెచ్చే మంచినీరు చిలికా ఉత్తర భాగంలోనే కలుస్తుంది గనుక అక్కడ ఉప్పదనం తగ్గి, రెల్లు, జమ్ము దట్టంగా పెరిగి, నడుమ సన్నటి కాలువలు ఏర్పడ్డాయి. ఆ కాలువల్లో అడుగు చదునుగా ఉండే నాటుపడవను వెదురుగడతో నెట్టుకుపోతారు. మోటారు చప్పుడు లేకపోవడమే ఇక్కడి అసలు సౌకర్యమని నా అభిప్రాయం. ఒకప్పుడు వేటకు పేరుపడిన ఊరు ఇది. 2000 ప్రాంతంలో గ్రామస్థులు పక్షుల రక్షణకు సమితి కట్టుకొని వేట మానారు, నిన్నటి వేటగాళ్లలో కొందరు నేడు పడవ నడుపుతూ పక్షులను చూపిస్తున్నారు. పిట్ట ఎక్కడ మేస్తుందో, ఎంత దగ్గరకు వెళితే బెదురుతుందో వేటాడిన కంటికి తెలిసినట్లు పుస్తకం చదివిన కంటికి తెలియదు.

అక్కడ బ్లాక్ టెయిల్డ్ గాడ్‌విట్ అనే నల్లతోక నీటిపిట్ట ఒకటి మా పడవకు నాలుగు బారల దూరంలో మేస్తూ కనిపించింది. పొడవాటి ముక్కును మొదలంటా బురదలోకి దించి, కుట్టుమిషను సూదిలా పైకీ కిందికీ ఆడిస్తూ, ఏదో దొరికినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగేది. ముక్కు మొదట గులాబీ రంగు, కొసన నలుపు ఉండడం బైనాక్యులర్ లేకుండానే చూశాను. సూదితోక బాతులు, చక్రవాకాలు, ఆకులమీద నడిచే జకానాలు కూడా ఒక్క ఉదయంలోనే కనబడతాయి. రాజహంసల గుంపే కావాలంటే మాత్రం మంగళజోడిని నమ్ముకోకూడదు.

సరంజామాలోనూ తేడా ఉంది. పడవ ఊగుతుంది గనుక మంగళజోడికి పెద్ద టెలిస్కోపు దండగ. ఎనిమిది రెట్ల బైనాక్యులర్ చాలు, పది రెట్లదైతే చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. నలబన దూరానికి అదే ఎనిమిది రెట్లది చాలదు. ఖర్చు విషయానికొస్తే, మోటారు పడవను నలుగురైదుగురు కలిసి మాట్లాడుకుంటేనే గిట్టుతుంది.

పెద్దవాళ్లు, పసిపిల్లలు వెంట ఉన్నప్పుడు నేను ఈ రెండూ కాదంటాను. బరంపురం నుంచి మంగళజోడి ఎంత దూరమో, శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురం కూడా దాదాపు అంతే దూరం. కాకపోతే దక్షిణం దిక్కుగా పోవాలి. అక్కడికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లమీద గూళ్లు కట్టి పిల్లలను పెంచడానికి వస్తాయి గనుక పడవ అవసరం లేదు, నేలమీద నిలబడి తల ఎత్తితే చాలు. రకాలు తక్కువే గాని, తల్లి గూడబాతు సంచినోట్లోకి పిల్ల తలదూర్చి చేపను అందుకోవడం చిలికాలో ఎంత తిరిగినా కనబడదు.

ఒక్కరోజే తీరిక ఉన్నవారు డిసెంబరు, జనవరి నెలల్లో మంగళజోడికే వెళ్లడం మేలు. తెల్లవారుజామున నాలుగింటికల్లా ఇల్లు వదిలి జాతీయ రహదారి మీదుగా టాంగీ దగ్గర మళ్లితే, పొద్దు పొడిచే వేళకు పడవలో ఉండవచ్చు. రెండు రోజులు ఉన్నవారు ఆ రాత్రి బర్కుల్‌లో బస చేసి, గాలి లేవకముందే నలబనకు బయలుదేరవచ్చు. పడవ ఎన్నింటికి కదులుతుందో మాత్రం ముందురోజే గట్టిగా మాట్లాడుకోవాలి.