చరిత్ర ఇష్టపడేవాళ్లకి కొన్ని మాంగాలు, యానిమేలు

చరిత్ర మీద మంచి యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సినిమానో సీరియలో, చెప్పమంటే మనవాళ్లు ఠక్కున నాలుగు సమురాయ్ పేర్లు చదివేస్తారు. వాటిలో మంచివి లేవని కాదు. కానీ సీజన్ మొత్తం చూశాక కూడా ఆ ఊరి జనం పొద్దున్నే ఏం తినేవారో, పొయ్యి ఎక్కడ పెట్టుకునేవారో, పెళ్లయిన అమ్మాయి అత్తారింటికి ఏం పట్టుకెళ్లేదో తెలియకపోతే అది చరిత్ర ఎలా అవుతుంది? పాత బట్టలేసిన ఫైటింగ్ సినిమా అవుతుంది. నేను దేన్నైనా ఈ లెక్కలోనే చూస్తాను, కింద చెప్పేవన్నీ ఆ లెక్కకి నిలబడ్డవే. వైజాగ్‌లో ఈమధ్య మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు, చదివే పిల్లలు బాగా పెరిగారు, సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్తే నరుటో అనే మాంగా హీరో టీషర్టు కనిపించకుండా ఉండదు, కాబట్టి ఆ తర్వాత ఏం చదవాలని అడిగేవాళ్ల కోసం కాస్త వివరంగానే రాస్తున్నాను.

అన్నింటికంటే ముందు చెప్పాల్సింది కావోరు మోరి గీస్తున్న ఒతొయొమెగతారి. ఇంగ్లీషులో ఎ బ్రైడ్స్ స్టోరీ అనే పేరుతో దొరుకుతుంది. 2008లో మొదలైంది, 2014లో జపాన్‌లో మాంగా తైషో అవార్డు తెచ్చుకుంది. కథాకాలం 19వ శతాబ్దం, చోటు మధ్య ఆసియా, కాస్పియన్ సముద్రం దగ్గరి ఊళ్లు. గుర్రాలు, గొర్రెల మందలతో తిరిగే తెగలో పుట్టిన అమీర్ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి ఊళ్లో స్థిరపడ్డ కుటుంబానికి కోడలిగా వస్తుంది. పెళ్లికొడుకు కార్లుక్‌కి పన్నెండేళ్లు. ఈ మాట వినగానే చాలామంది ముఖం చిట్లిస్తారు, చిట్లించడంలో తప్పేమీ లేదు. రచయిత్రి ఆ సంబంధాన్ని ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండే ఆప్యాయతలాగే, చాలా జాగ్రత్తగా నడిపింది. అయినా ఇబ్బందిగా అనిపిస్తే పక్కన పెట్టేయండి, నేను బలవంతం చేయను.

పక్కన పెట్టలేకపోతే మాత్రం మీ కళ్లకి పండగే. తివాచీలు, నగలు, గుర్రపు జీనులు, తలకి చుట్టుకునే గుడ్డలు, ఏదీ ఉత్తినే గీసేసి వదిలేయదు. రెండో పుస్తకంలో పెళ్లికి కావాల్సిన గుడ్డలు కుట్టుకునే అధ్యాయం ఒకటుంది. ఇంట్లో చిన్నపిల్ల తిలేకేకి గద్దలంటే పిచ్చి, ఏ గుడ్డ చేతికిచ్చినా దాని మీద గద్దే కుడుతుంది, వేరే డిజైన్ కుట్టమంటే కుట్టదు. అప్పుడు నాయనమ్మ బల్కిర్ష్ పాత మూట విప్పి, ఆ ఇంటి ఆడవాళ్లు తరతరాలుగా కుట్టిన గుడ్డల్ని ఒక్కొక్కటే చేతికిస్తూ ఇది ఫలానా ఆమె కుట్టింది, ఆమె ఇలాంటి మనిషి అని చెబుతుంది. ఆ ఇంటి చరిత్ర ఏ కాగితం మీదా లేదు, ఆ మూటలోనే ఉంది. నేను ఈ పేజీల్ని మగ్గం వర్క్ చేసే మా చిన్నత్తకి చూపించాను. కథ ఏంటని అడగనే లేదు, పేజీ మీద వేలు పెట్టి, 'ఇదేటే, గొలుసు కుట్టే కదా, ఇక్కడ కాడ కుట్టు. కలంతో ఇంత సన్నగా ఎలా గీసిందే!' అంది. పని తెలిసినవాళ్ల నోట ఆ మాట వచ్చిందంటే ఇంక వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇందులోనే పారియా అని ఇంకో పిల్ల ఉంది. నోటి దురుసు, లోపల భయం, రొట్టెలు మాత్రం అద్భుతంగా చేస్తుంది, ఊరందరూ వాడే పొయ్యి దగ్గర పక్షి బొమ్మలాంటి అలంకారాలతో రొట్టె కాలుస్తుంది. ఊరి మీద జరిగిన దాడిలో ఆ పిల్ల పెళ్లి కోసం కుట్టుకున్న సారె గుడ్డలన్నీ పోతాయి. మొత్తం మళ్లీ మొదటినుంచి కుట్టుకోవాలి, అదీ కుట్టుపనంటే పడని పిల్ల. ఒక్కో కుట్టుకీ ఆమె విసుక్కోవడం, విప్పడం, మళ్లీ కూర్చోవడం చదువుతుంటే నాకు ఏ యుద్ధం సీన్‌లోనూ లేనంత టెన్షన్ వచ్చింది. వెనకాల రష్యా సామ్రాజ్యం దక్షిణానికి దిగి వస్తోందన్న భయం కథ పొడుగునా ఉంటుంది, అందుకే ఈ రొట్టెలూ కుట్లూ ఎంతకాలం మిగులుతాయోనన్న దిగులు చదివేవాళ్లకీ పట్టుకుంటుంది. లోపాలు కూడా చెప్పాలి. కథ నిదానంగా నడుస్తుంది. స్మిత్ అనే ఇంగ్లీషు పరిశోధకుడు ఊరూరా తిరుగుతుంటే అతని వెంట కథ కూడా ఒక పెళ్లికూతురి నుంచి ఇంకో పెళ్లికూతురికి మారిపోతూ ఉంటుంది, అమీర్ మీద ఇష్టం పెంచుకున్నవాళ్లకి అది చికాకు. కొన్ని పేజీల్లో నగ్నత్వం ఉంది. యానిమే రాలేదు, పుస్తకమే చదవాలి.

రెండోది యానిమే సినిమా. ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ద వరల్డ్, 2016లో వచ్చింది, దర్శకుడు సునావో కతబుచి, మూలం ఫుమియో కోనో మాంగా. వైజాగ్ వాళ్లు దీన్ని చూడకుండా ఉండకూడదని నేను గట్టిగా అంటాను, ఎందుకంటే ఇది జరిగేది కురే అనే నేవీ పట్నంలో. యమాతో యుద్ధనౌకని కట్టింది అక్కడే. హిరోషిమా నుంచి కొత్త కోడలిగా వచ్చిన సుజు ఉండే ఇల్లు కొండ మీద, కిందికి చూస్తే రేవు, రేవు నిండా ఓడలు. ఆ అమ్మాయికి బొమ్మలు గీయడం ఇష్టం. ఒకరోజు పొలంలో నిలబడి రేవులో ఓడల్ని గీస్తుంటే మిలటరీ పోలీసులు వచ్చి గూఢచారివా అని ఇంటి వరకూ లాక్కొచ్చి నానా మాటలంటారు. మల్కాపురం, సింధియా వైపు నేవీ స్థావరం పక్కన పెరిగినవాళ్లకి ఆ సీన్ విడమరిచి చెప్పక్కర్లేదు, ఫోటోలు తీయరాదు అన్న బోర్డుల మధ్యే కదా మనం పెరిగింది.

ఈ సినిమాలో యుద్ధం వంటింట్లోంచి కనిపిస్తుంది. రేషన్ తగ్గుతున్నకొద్దీ సుజు గట్ల మీద మొలిచిన ఆకులూ కలుపు మొక్కలూ ఏరుకొచ్చి కూర చేస్తుంది, ఉన్న బియ్యాన్నే వేయించి నానబెట్టి ఉబ్బేలా చేసి ఎక్కువ అన్నంలా వండుతుంది, ఇంట్లో అందరూ అది తిని మొహమొహాలు చూసుకుంటారు. మంచి కిమోనో విప్పి కోసి పనికి వేసుకునే పైజామాలాగా కుట్టుకుంటుంది. ఇవన్నీ హడావుడి లేకుండా, పాటలాగా సాగిపోతాయి, అందుకే 1945లో కురే మీద బాంబులు పడటం మొదలయ్యాక మనకి ఊపిరాడదు. బాంబు పడితే శకలాలు ఎటు ఎగురుతాయో, సైరన్ మోగాక ఏం చేయాలో దర్శకుడు అంత ఖచ్చితంగా చూపించాడు. అణుబాంబుకి ముందు హిరోషిమాలో ఉన్న నకజిమా అనే పేటని, ఇప్పుడక్కడ శాంతి స్మారక పార్కు ఉంది, పాత ఫోటోలనీ బతికి బయటపడ్డవాళ్ల జ్ఞాపకాలనీ పట్టుకుని దుకాణం దుకాణంగా మళ్లీ గీయించారు. ఇంకో సంగతి. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద బాంబులు వేసినవి జపాన్ విమానాలే. ఆ రోజు ఇక్కడ పొయ్యి మీద అన్నం పెట్టి పరిగెత్తిన ఆడవాళ్లు ఉండే ఉంటారు, వాళ్ల కథ ఎవరూ ఇలా గీయలేదు. సినిమా అయిపోయాక నా మనసులో మిగిలిన బాధ అదే.

గోల్డెన్ కామూయ్ దగ్గరికి వస్తే ముందే హెచ్చరిక: ఇది పెద్దవాళ్లకి మాత్రమే. రక్తం, చర్మం ఒలవడం, మోటు జోకులు, బట్టల్లేని మగాళ్లు, అన్నీ ఉన్నాయి. సతోరు నోదా 2014 నుంచి 2022 వరకూ గీశాడు, 31 సంపుటాలు. 1904–05 రష్యా–జపాన్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సుగిమోతో అనే సైనికుడు జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలో దాచిన బంగారం కోసం వెతుకుతుంటాడు, అక్కడి ఆదివాసులైన ఐను తెగ అమ్మాయి అసిర్‌పా అతనికి తోడు. బంగారం కథ బాగానే ఉంటుంది, నేను మాత్రం అసిర్‌పా కోసం చదివాను. ఉడతని ఎలా పట్టాలో, మాంసాన్ని కత్తితో ఎలా కొట్టి కొట్టి ముద్ద చేయాలో, ఆ కొట్టడంలో అందరూ వంతు వేసుకోవాలన్న ఆచారం ఏంటో, ఎలుగుబంటిని చంపాక దాని ఆత్మని ఎలా సాగనంపుతారో ఆ పిల్ల చెబుతుంటే అడవి అంతా ఒక ఇల్లులాగా అనిపిస్తుంది. ఐను భాష సరిచూడటానికి హిరోషి నకగావా అనే భాషా శాస్త్రవేత్తని పెట్టుకున్నారు. అన్నింటికంటే నాకు నచ్చింది, అసిర్‌పాని జాలిపడాల్సిన మనిషిలాగా ఎక్కడా చూపించలేదు. ఆమెకి నవ్వు ఉంది, పొగరు ఉంది, తిండి మీద యావ ఉంది, అందరికంటే ఎక్కువ తెలివి ఉంది.

మన సినిమాల్లో గిరిజనులంటే ఏం చేస్తారో తెలుసు కదా, తలకి ఈకలు పెట్టి పాటకి గంతులేయిస్తారు. అరకు వెళ్లి మ్యూజియం ముందు థింసా డాన్సుతో ఫోటో దిగి వచ్చేస్తాం, ఆ పక్క ఊళ్లో వాళ్లు ఏ దుంప ఎప్పుడు తవ్వుతారో అడగం. ఈ మాంగా చదివాక నాకు అరకు రైల్లో కూర్చుంటే అడగాల్సిన ప్రశ్నలు చాలా గుర్తొస్తున్నాయి. యానిమే విషయానికొస్తే, 2018లో వచ్చిన మొదటి సీజన్‌లో కంప్యూటర్‌తో చేసిన ఎలుగుబంటి అస్సలు బాగోదు, అది చూసి మానేసినవాళ్లు చాలామంది. పుస్తకంతో మొదలుపెట్టండి.

షోవా గెన్రోకు రకుగో షింజూ వేరే దారి. రకుగో అంటే ఒక్క మనిషి దిండు మీద మోకాళ్లు మడిచి కూర్చుని, చేతిలో విసనకర్ర, చిన్న తువ్వాలు తప్ప ఇంకేమీ లేకుండా మొత్తం కథ చెప్పే కళ. తల ఇటు తిప్పితే యజమాని, అటు తిప్పితే పనివాడు, విసనకర్రే కత్తి, అదే పొగాకు పీల్చే గొట్టం. విజయనగరం పక్కనే ఉన్న మనకి ఆదిభట్ల నారాయణదాసు పేరు తెలుసు కాబట్టి ఒక్క మనిషి సభ మొత్తాన్ని కట్టిపడేయడం కొత్త కాదు, కాకపోతే హరికథలో గజ్జెకట్టి నిలబడి ఆడితే ఇక్కడ కూర్చున్న చోటు నుంచి కదలకూడదు. కికుహికో, సుకెరోకు అనే ఇద్దరు మిత్రులు, ఒకడు పుట్టుకతోనే కళాకారుడు, ఇంకోడు కష్టపడి నేర్చుకున్నవాడు. యుద్ధం రోజుల్లో సరసం పాలు ఎక్కువున్న కథల్ని చెప్పకుండా పక్కన పెట్టాల్సి రావడం, తర్వాత రేడియో, టీవీ వచ్చి హాళ్లు ఖాళీ అవడం, ఇదంతా వాళ్ల జీవితాల్లోంచే తెలుస్తుంది. హరుకో కుమోతా మాంగా ఇది, కానీ దీన్ని మాత్రం యానిమేగానే చూడండి, 2016, 2017లో రెండు సీజన్లు వచ్చాయి. కథ చెప్పే గొంతు వినకపోతే సగం పోయినట్టే. జపనీస్ గొంతులతో, సబ్‌టైటిల్స్‌తోనే చూడండి. మొదటి ఎపిసోడ్ దాదాపు రెండు ఎపిసోడ్ల పొడుగు, ఓపిక పట్టండి.

విన్లాండ్ సాగా చాలామంది చూసే ఉంటారు. 11వ శతాబ్దపు వైకింగుల, అంటే ఉత్తర యూరప్ సముద్ర యోధుల కథ, మకోతో యుకిమురా మాంగాని 2005లో మొదలుపెట్టి 2025లో ముగించాడు. మొదటి సీజన్ చూసి గంతులేసినవాళ్లే రెండో సీజన్‌కి, ఏంటి వ్యవసాయం చేస్తున్నారు అని వదిలేశారు. నాకు రెండోదే గొప్పగా అనిపించింది. బానిసలైన థోర్ఫిన్, ఐనార్ అడవి నరికి, మొద్దులు పెకలించి, గుర్రం అరువు తెచ్చుకుని దున్ని గోధుమ వేస్తారు, మనుషుల్ని చంపడం తప్ప ఏమీ రాని కుర్రాడు మొలక వచ్చిందా లేదా అని నేల మీద వంగి చూస్తాడు. రైతు ఇంట పుట్టినవాళ్లకి ఆ చూపు తెలుసు.

హైకే మోనోగతారి, 2021, 11 ఎపిసోడ్లే. నవోకో యమదా తీసింది. 12వ శతాబ్దంలో తైరా వంశం ఎలా వెలిగి ఎలా కూలిందో చెప్పే పాత కావ్యం, గుడ్డి గాయకులు బీవా అనే తీగల వాయిద్యం వాయిస్తూ పాడినది. ఆ కావ్యం మొదలయ్యేదే బుద్ధుడున్న జేతవన విహారం గంట మోతతో. మన తొట్లకొండ, బావికొండ బౌద్ధ విహారాల శిథిలాలు ఎక్కి చూసి వచ్చేవాళ్లకి ఆ మొదటి మాటతోనే మనసు పట్టేస్తుంది. కాకపోతే పేర్లు చాలా ఎక్కువ, వంశవృక్షం పక్కన పెట్టుకుని చూడాలి. ఇక భూమి తిరుగుతుందన్న వాదం మీద వచ్చిన ఓర్బ్ నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, ఆలోచనగా చాలా బాగుంది, కానీ అందులో ఆ మాటన్నవాళ్లని వెంటాడి హింసించినట్టు చూపించేదాన్ని నిజంగా జరిగిన చరిత్రలాగా నమ్మొద్దు, అది చాలావరకు కల్పన.

కొనే విషయం. ద్వారకానగర్ పుస్తకాల షాపుల్లో పేరున్న యాక్షన్ మాంగాలే ఎక్కువ, ఇవి అడిగితే తెప్పించి ఇస్తామంటారు. ఒతొయొమెగతారి ఇంగ్లీషు సంపుటాలు గట్టి అట్టతో వస్తాయి, మామూలు మాంగా కంటే రేటు బాగా ఎక్కువ. నాకు ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు మూల నలిగిన పుస్తకం పంపి, మార్చడానికి నానా తిప్పలు పెట్టాడు, కాబట్టి పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. మన ఉప్పుగాలికి కాగితం తొందరగా పచ్చబడుతుంది, కిటికీ పక్క అలమరాలో పెట్టకండి. ఒకేసారి సెట్టంతా ఆర్డర్ పెట్టొద్దు, మొదటి రెండూ తెప్పించుకోండి. రెండో దాంట్లో ఆ నాయనమ్మ మూట విప్పే అధ్యాయం బోరు కొట్టిందనుకోండి, మూడోది కొనకండి, ఆ తర్వాత కూడా అలాగే ఉంటుంది.